మల్లె పడిన చేను, నా గుంత

కర్నూలు జిల్లా ఆలూరు తాలూకా గుడ్డంవంక గ్రామంలో కాపురముంటూ, సేద్యం చేసుకుని బతుకుతున్న, కీర్తిశేషులు పెద్ద ఈరన్న కుమారుడు దేవేంద్రప్ప అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో రాయిస్తున్న వీలునామా.

నాకు మతి సరిగానే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు. గుండె బలహీనమైందని ఆదోని డాక్టరు చెప్పాడు. విన్నప్పుడు భయమూ వేయలేదు, దుఃఖమూ రాలేదు. ఇంటికొచ్చి ఎద్దులకు నీళ్లు పెట్టాను. నా భార్య సుంకులమ్మ పోయినప్పటి నుంచి నాకు ఏదీ పెద్దగా తగలడం లేదు. కింది మాటలు కోపంతో రాయించానని రేపు ఎవరూ అనకూడదని ఈ సంగతి చెబుతున్నాను.

1. వంక పక్కనున్న నల్లరేగడి చేను నాలుగెకరాలు, గట్లతో సహా, నా కుమారుడు వీరేష్‌కు సంపూర్ణ హక్కులతో చెందాలి. ఇందులో ఎవరికీ వాటా లేదు. నా అన్న సోమన్న హోటలు దగ్గర నలుగురిలో, "వానికిస్తే ఊరంతా మల్లె అయితాది, ఆ చేను నాకియ్యి, బీడు పెడతా" అన్నాడని విన్నాను. ఇవ్వను.

2. ఈ మల్లె సంగతి ఊరందరికీ తెలుసు. ఈ కాగితం చదివే అధికారికి తెలియదు కాబట్టి రాయిస్తున్నాను. ఇది తలలో పెట్టుకునే మల్లె కాదు. పొగాకు చేలలో పుడుతుంది. ఆకు ఉండదు, పచ్చదనం ఉండదు. భూమిలోనే పైరు వేరును పట్టుకుని, పైరు తినాల్సింది తాను తిని, బయటికి వచ్చి పూస్తుంది. దాని విత్తనం దుమ్ముకన్నా సన్నం.

ఐదేళ్ల కిందట ఎండాకాలంలో నేను కంటి ఆపరేషనుకు కర్నూలులో ఉన్నాను. ఆ వారంలో వీరేష్ చేలో గొర్రెల మంద కట్టించాడు. రాత్రిపూట మంద పడుకుంటే పేడ, మూత్రం పడి చేను బలుస్తుంది. మా వైపు అందరూ చేసేదే. ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన నిలబడి, "నాయినా, మంద కట్టించినా. ఈసారి శనగ శానా బాగుంటాది" అన్నాడు. వాని మొహంలో సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

గొర్రెలకు రోగముందా అని వాడు అడిగాడు. యాడ మేసి వచ్చినాయని అడగలేదు. అవి నంద్యాల వైపు పొగాకు కొట్టేసిన చేలలో మేసి వచ్చిన గొర్రెలు. తిన్న మల్లె విత్తనం పెంటికల్లో మా చేలో పడింది. ఆ చలికాలం శనగ పూత మీద ఉండగానే మొక్కలు వాడిపోయాయి. పీకి చూస్తే వేరుకు మల్లె.

తప్పు తప్పే. చేనూ వానిదే.

3. వీరేష్ ఆ చేలో శనగ వేయకూడదు. పొగాకు, టమాటా, వంకాయ కూడా వద్దు. జొన్న వేయాలి, మరుసటి ఏడు నువ్వులు. వాటి వేర్ల దగ్గర మల్లె విత్తనం మొలకెత్తుతుంది గానీ పట్టుకోవడానికి చోటు దొరక్క చస్తుందని వ్యవసాయాధికారి చెప్పాడు. ఎన్నేళ్లు పడుతుందంటే పది, పదిహేను అన్నాడు. నేను ఉండను. వాడు ఉంటాడు.

ఎక్కడైనా తల ఎత్తితే పూత రాకముందే పీకాలి. పీకింది గట్టు మీద వేయకూడదు, ఎద్దులకు పెట్టకూడదు. గోతంలో నింపి చేలోనే కాల్చాలి. సగానికి తెగితే తెగినచోట రెండు చుక్కల వేపనూనె వేయాలి. చేలో దున్నిన మడక కడగనిదే గట్టు దాటకూడదు. మంద ఎన్నటికీ వద్దు.

4. నా కూతురు శివజ్యోతికి పాడి ఆవు, ఇంట్లోని ఇత్తడి సామాను. వాళ్లమ్మ కలుపు తీసే చిన్న పార కూడా ఆమెకే. పిడి ఒకపక్క అరిగి ఉంటుంది, అది వాళ్లమ్మ బొటనవేలి చోటు. కొత్త పిడి వేయించవద్దు.

5. మా నాయన చేయించిన విత్తనాల గొర్రు నా అన్న సోమన్నకు. ఇద్దరం వంతులవారీగా వాడుకునేవాళ్లం. మల్లె పడినాక ఆయన మా ఇంటి గడప తొక్కి గొర్రు అడగలేదు. బాగా కడిగి, ఎండబెట్టి ఇవ్వాలి. తీసుకోడని తెలుసు. అయినా ఇంటి ముందు పెట్టి రావాలి.

6. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత పక్క చేను ఏసేపుకు అప్పగిస్తున్నాను. మా వల్ల నష్టపోయి కూడా మాతో మాట్లాడుతున్న మనిషి.

7. చివరగా నా గుంత.

మా ఇంట్లో పోయినవాళ్లను మా చేలోనే పూడుస్తాం. సుంకులమ్మ రెండు చలికాలాలు వంగి మల్లె పీకింది. "పూసిందంటే మన పని అయిపోతాది, బిరీన పీకల్ల" అనేది. మార్గశిరంలో, ముసురు పట్టిన వారంలో, సాలులోనే కూలబడింది. ఒడి నిండా మల్లె ఉంది. చేని మూలన పూడ్చాం. ఊరంతా వచ్చింది. తడిసిన రేగడి అందరి చెప్పులకూ ముద్దలుగా పట్టుకుంది. మరుసటి ఏడు శనగలో, పాడె మోసిన సోమన్న చేలో, ఏసేపు చేలో, మల్లె లేచింది. "సచ్చి కూడా మల్లె పంచింది" అన్నాడు సోమన్న. ఆమె పోయినాక నాకు తగిలిన మాట అదొక్కటే.

ఆమె పక్కన నాకు చోటు వదిలి వీరేష్ అప్పుడే రాయి పాతాడు. నన్ను అక్కడ పెట్టవద్దు. ఊరి శ్మశానంలో పూడ్చండి. ఆమె పక్కన పడుకోవాలని నాకు ఉంది. అది ఒక్కటే ఇంకా ఉంది. కానీ నా కోసం వచ్చినవాళ్లు ఆ మన్ను తొక్కి తమ చేలకు పోకూడదు.

మూడో రోజు వీరేష్ ఒక్కడే నా గుంత మన్ను దోసెడు తీసుకుపోయి, ఆ రాయి దగ్గర పోయాలి. ఇక్కడి మన్ను అక్కడికి పోవచ్చు. అక్కడి మన్ను బయటికి రాకూడదు. వచ్చేటప్పుడు గట్టు మీద కాళ్లు కడుక్కో, నాయినా.

సర్వధారి నామ సంవత్సరం చైత్రమాసం, 2008 ఏప్రిల్ 16, బుధవారం, గుడ్డంవంక.

చదివి వినిపించగా విని, సరేనని చేసిన సంతకం:
దేవేంద్రప్ప

సాక్షులు:
దాసన్న, గుడ్డంవంక
రామలింగయ్య, కిరాణా వర్తకుడు, ఆలూరు