పదమూడు నెలల ఏడాది

ఏప్రిల్ 29, 2026

పంచాంగం తిరగేస్తున్నానని అమ్మ ఊరంతా చాటింది. మా సింధూరికి తొందరగా ఉంది, ముహూర్తాలు వెతుక్కుంటోందని ఉయ్యూరు పెద్దమ్మకి ఫోన్‌లో చెప్పి ఒకటే నవ్వు. నేను చూసింది స్కూల్ డైరీల కోసం. ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేది నేనే. పేజీకి మూడు వరుసలు: ఇంగ్లీషు తేదీ, తెలుగు తిథి, హిజ్రీ తేదీ. చెప్తే వినదు. ఎమ్మెస్సీ చదివినా ఆడపిల్ల పంచాంగం పట్టుకుంటే పెళ్లికేనట.

మే 3

పెళ్లిచూపులకి లక్ష్మీకాంత్ వాళ్లొచ్చి వెళ్లారు. పెళ్లయ్యాక ప్రెస్ మానేస్తారు కదండీ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మానేస్తుందండీ అన్నారు నాన్న.

ముహూర్తమే కుదరలేదు. ఈ ఏడు మాకు పదమూడు నెలలు. జ్యేష్ఠాలు రెండు. మొదటిది అధికం, శుభకార్యాలకి పనికిరాదు. రెండోది మంచిదే కానీ నేను పెద్దకూతుర్ని, అతను పెద్దకొడుకు. అలాంటి జంటకి జ్యేష్ఠంలో పెళ్లి చెయ్యరు. తర్వాత ఆషాఢం. శ్రావణం దాకా ఆగాలి. పాపం పిల్ల అంది పెద్దమ్మ.

నాకు బెయిల్ దొరికింది.

మే 19, మధ్యాహ్నం

హిజ్రీ వరుస అఫ్సానాది. పక్క సీటు. మాకు ఎక్స్‌ట్రా నెలలుండవమ్మా, మా ఏడాది మీ ఇంగ్లీషు ఏడాదికంటే పదకొండు రోజులు పొట్టి, నీ పెళ్లిలోపే మాకు 1448 వచ్చేస్తుంది అంది. అంత పరుగెత్తే ఏడాది నాకొద్దన్నాను.

ప్రతి నెలా ఒకటో తేదీ పక్కన స్టార్ గుర్తు పెడుతోంది. అడుగున: నెలవంక కనిపించడాన్ని బట్టి మారవచ్చు. ముందే ఖాయం చేసుకోవచ్చుగా అన్నాను. చూడకుండా ఎట్లా ఒప్పుకుంటాం, నువ్వు మరీనూ అంది.

జూన్ 2

అధికం ఇంకా పదమూడు రోజులు. కేలండర్ చూడకూడదనుకున్నాను. నా ఉద్యోగమే కేలండర్.

జూన్ 15

అధికం అయిపోయింది. అమ్మ పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చింది.

జూన్ 16, ఉదయం 11

నాన్న నా శుభలేఖ మా ప్రెస్‌కే ఇచ్చారు. నాకు చెప్పలేదు. ఓనరు వెంకటకృష్ణారావు గారు ప్రూఫ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. నీ కార్డు నువ్వే చూసుకోమ్మా, తప్పులుంటే మమ్మల్ననకు అని నవ్వారు.

ఆగస్టు 22. తిథి కరెక్ట్. పేర్లు కరెక్ట్. ఒక్క తప్పు కూడా లేదు. కింద సంతకం పెడితే మిషనెక్కుతుంది. తేదీ పక్కన పెన్సిల్‌తో స్టార్ పెట్టాను. అడుగున ఏం రాయాలో తెలియలేదు.

జూన్ 16, సాయంత్రం 7

ప్రెస్ మేడ మీద ఉన్నాం. అఫ్సానా పడమటికి వేలు చూపించింది. నెలవంక, గోరంత ఉంది. నేనూ చూశాను.

ప్రూఫ్ మీద సంతకం పెట్టలేదు. పెట్టను. ఈ పెళ్లి నాకొద్దని నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను. రేపు తొమ్మిదింటికి డ్యూటీ.