మరమేకును పట్టుకోని దవడ

చిట్టి డాక్టరమ్మకు అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా అని రాయమన్నారు మీ తాతయ్య. ఆయన కులాసానే. పొద్దునా సాయంత్రం నా నోట్లోకి టార్చి వేసి చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. అందుకే ఉత్తరం.

నువ్వడిగినవాటికి జవాబులు. షుగరు అదుపులోనే ఉంది. పొగ సంగతంటావా, మీ తాతయ్య చేతే మాన్పించినదాన్ని, నేను తాగుతానా? ఈ నాలుగు నెలలూ ఆ పక్కతో గట్టిదేదీ కొరకలేదు. అయినా పన్ను కట్టడానికని నువ్వు దవడలో బిగించిన మరమేకు నాలుక తగిలితే చాలు, వదులు గొళ్ళెంలా ఊగుతోంది. చిగురు విడిన చోట ఎముక తెల్లగా కనిపిస్తోంది. నొప్పి లేదు. అదే నాకు నచ్చడం లేదు.

"తప్పు నాదే అమ్మమ్మా. డ్రిల్లు మీద నీళ్ళు సరిగా పడలేదేమో, ఎముక వేడెక్కి చచ్చిపోయి ఉంటుంది. ఇక డ్రిల్లు పట్టనని సోమవారం పెద్ద డాక్టరుగారికి చెప్పేస్తాను" అని రాశావు. అది చదివాక నాకు తిండి సయించలేదు.

"దానికి నిజం చెప్పేస్తావా, లేదా?" అన్నారు మీ తాతయ్య. "మనవరాలి దగ్గర అబద్ధమాడే వయసా నీది?"

"అబద్ధానికి వయసేమిటండీ? పళ్ళకైతే ఉంది."

ఆయన నవ్వలేదు.

ఇక విను. ఎముకలు గుల్లబారాయని నాలుగేళ్ళుగా సూదిమందు వేయించుకుంటున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి నువ్వు మూడుసార్లు అడిగావు, "ఎముకలకేమైనా మందు వాడుతున్నావా?" అని. మూడుసార్లూ లేదన్నాను. ఆ సూది పడ్డ దవడను తొలిస్తే మానకపోవచ్చని సూది వేసే డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. చదివాను. మడిచి బీరువాలో పెట్టాను. చెబితే మీ పెద్దాయన నన్ను లేపి ఇంకొకరిని కూర్చోబెడతాడు. నీ చేతికి మొదటి పేషెంటును నేనే కావాలనుకున్నాను. చదువుకున్నదాని మూర్ఖత్వానికి మందు లేదు.

నీ చేతిలో తప్పు లేదే తల్లీ. నీళ్ళు బాగానే పడ్డాయి. సగం నేనే మింగాను. సోమవారం పెద్దాయన ముందు నీ మాట కాదు, ఈ ఉత్తరం పెట్టు.

ఇంకొకటి మీ తాతయ్యకు కూడా చెప్పలేదు. నిన్నటి నుంచి కింది పెదవి ఆ పక్క మొద్దుబారింది, చెడు దవడలోని నరం దాకా పాకిందేమో. ఇందాక పంటి కింద పడి నెత్తురు వచ్చినా, అద్దంలో చూసుకునేదాకా నాకు తెలియలేదు. దవడ కోయాల్సి వస్తే కోయనీ. కోసేవాళ్ళ పక్కన నువ్వుండాలి, చెయ్యి వణకకుండా.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన
అమ్మమ్మ