బొమ్మలు లేని దెయ్యాల ఆట

గాజువాక, విశాఖపట్నం
మంగళవారం

అన్నయ్యకు,

నీ చెల్లెలు గౌరి నమస్కారాలు. నేనిక్కడ క్షేమంగానే ఉన్నాను. మీరందరూ బాగున్నారని తలుస్తున్నాను. చిన్నదానికి జ్వరం పూర్తిగా తగ్గిందా? ఎర్రగేదె ఈనిందని వదిన ఫోన్లో చెప్పింది. పాలు పితకడం దగ్గర్నుంచి కుడితి పెట్టడం దాకా అంతా నువ్వే చూసుకుంటున్నావట. విని సంతోషించాను.

వదినా, చదివేది నువ్వే కాబట్టి నీకూ నమస్కారాలు. ఒక్క ముక్క కూడా వదలకుండా చదువు. ఈ సంగతి ఫోన్లో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. కళ్ల మాట వచ్చేసరికి అన్నయ్య "సర్లేయే, తిన్నావేటి?" అని తిప్పేస్తాడు. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

ముందు నా సంగతులు. కాటా దగ్గర పని అలవాటైపోయింది. పోర్టు నుంచి వచ్చిన లారీ కాటా ఎక్కగానే బరువు కంప్యూటర్లో కొట్టి చీటీ ఇవ్వాలి, అంతే. మొదట్లో డ్రైవర్లు "ఓలమ్మా, ఆడగుంట కూకుందేటి ఇక్కడ?" అని వింతగా చూసేవారు. ఇప్పుడు "గౌరమ్మా, బేగి సీటీ ఇచ్చీ తల్లీ" అని కేకలేస్తున్నారు. ఉక్కపోత మాత్రం చెప్పలేను. ఉతికిన బట్టలు ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు దుమ్ము పడుతుంది, అందుకని గదిలోనే ఆరేసుకుంటున్నాం. హాస్టల్లో వారానికి ఐదు రోజులు సాంబారే. తింటున్నాను, చిక్కిపోలేదు, బెంగపడకండి. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చోడిపిండి పంపండి, అంబలి కాచుకుంటాను.

ఇక అసలు సంగతి. అన్నయ్యా, నీకు చెప్పకుండా ఒక పని చేశాను.

నీకు చూపున్న రోజుల్లో టెక్కలి నెట్ సెంటర్‌కి వెళ్లి దెయ్యాల ఆటలు ఆడేవాళ్లం కదా. ఆడేది నువ్వే. నేను నీ చొక్కా పట్టుకుని వేళ్ల సందుల్లోంచి చూసేదాన్ని. ఏడు నెలల కిందట నేను ఊరొచ్చినప్పుడు అరుగు మీద నీ స్నేహితులు ఏదో కొత్త ఆట గురించి మాట్లాడుకుంటుంటే నువ్వు గడ్డి వేసే వేళ అయిందని లేచి వెళ్లిపోయావు. అది గడ్డి వేసే వేళ కాదని నాకు తెలుసు.

తిరిగొచ్చాక ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన చూశాను. మన విశాఖలోనే మాధవి అనే ఆవిడ, ఆవిడ స్నేహితురాలు కలిసి ఒక దెయ్యాల ఆట చేస్తున్నారు. అందులో బొమ్మలే లేవు. తెర అంతా నలుపే. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని శబ్దాన్ని బట్టి నడవాలి, దాక్కోవాలి, పారిపోవాలి. చూపున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకేలా ఆడొచ్చని రాశారు. మనూళ్లో తలా కొంత చందా వేసి నాటకం ఆడించినట్టే, ఆట తయారవ్వకముందే ఇష్టమున్నవాళ్లు డబ్బు వేస్తే, దాంతో వాళ్లు తయారు చేస్తారు. నేనూ వేశాను.

నా గదిలో ఉండే సంతోషి, సబ్బవరం అమ్మాయి, పడీపడీ నవ్వింది. "ఏటే, దెయ్యాలకి సందా ఏసేవా? దేవుడికైతే పెసాదమైనా ఎడతారు" అంది. నేనూ నవ్వేశాను.

రెండు నెలలు బాగానే గడిచాయి. వారం వారం కబుర్లు రాసేవారు, చిన్న చిన్న శబ్దాలు వినిపించేవారు. తర్వాత ఒక్క మాట లేదు. నాలుగు నెలలు! డబ్బు వేసినవాళ్లంతా ఆ పేజీ కింద తిట్లు మొదలుపెట్టారు. మోసమని ఒకరు, దుకాణం కట్టేశారని ఒకరు. రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి ఆ తిట్లు చదవడమే నా పని. చివరికి సంతోషి కూడా నవ్వడం మానేసింది. "పోనీలేయే, పోతే పోనాది" అని నా భుజం తట్టింది.

నా దిగులు డబ్బు గురించి కాదు అన్నయ్యా. నీకు చూపు తెప్పిస్తుందనుకున్న ఆ ఆపరేషన్ సంగతి గుర్తొచ్చేది. పేపర్లో చదివి నేనే కదా నిన్ను బస్సెక్కించి ఇక్కడి ఆసుపత్రికి తీసుకొచ్చింది. నరం ఎండిపోయింది, చేసేదేమీ లేదని డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. తిరుగు ప్రయాణంలో ఆనందపురం జంక్షన్లో బస్సాగితే మొక్కజొన్న పొత్తు కొని నా చేతిలో పెట్టి, "ఏడవకే గుంటా, నాకేటైపోనాదిప్పుడు?" అన్నావు. ఆశ పెట్టింది నేను, ఓదార్చింది నువ్వు. మళ్లీ నీకు అలాంటి ఆశ పెట్టి, మళ్లీ నీచేత ఓదార్పించుకోవడం నావల్ల కాదు. అందుకే ఇన్నాళ్లూ దాచాను.

ఇంకో అనుమానం కూడా ఉండేది. ఒకవేళ వచ్చినా, పాపం కళ్లు లేనివాళ్లు కదా అని జాలిపడి చేసిన చప్పటి ఆటైతే? అది నీకివ్వడం కంటే రాకపోవడమే నయం అనిపించేది.

పోయిన వారం మాధవి గారి నుంచి కబురు వచ్చింది. చూపులేని కొందరికి ఆట ఇచ్చి ఆడిస్తే, గోడలు ఉండాల్సిన చోట లేవనీ, తలుపు చప్పుడు అబద్ధంలా ఉందనీ చెప్పారట. చేసిందంతా పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి శబ్దాలు రికార్డు చేశారట. సిగ్గుపడి ఎవరికీ రాయలేదట. ఊళ్లో ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున వచ్చి ఆడి చూడమని పిలిచారు.

సంతోషిని తోడు తీసుకుని ద్వారకా నగర్ వెళ్లాను. కోచింగ్ సెంటర్ మీద చిన్న గది. మాధవి గారికి నలభై ఏళ్లుంటాయి. జుట్టు ముడేసుకుని, వైర్ల మధ్య చతికిలబడి కూర్చుని ఉంది. మాకంటే ముందే అప్పారావు గారని ఒక పెద్దాయన వచ్చారు, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని ఆడుతున్నారు. టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారట. పుట్టినప్పటినుంచీ చూపులేదు.

నా వంతు వచ్చింది. మూసేసిన ఐస్ ఫ్యాక్టరీలోకి వెళ్లాలి. హెడ్‌సెట్ పెట్టుకోగానే గది పోయింది అన్నయ్యా. ఎడమవైపు ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. నడిస్తే నా అడుగుల చప్పుడు గోడకు తగిలి వెనక్కి వస్తోంది. దాన్ని బట్టి గోడ ఎంత దూరమో తెలుస్తోంది. ఆగాను. నా వెనక ఒక అడుగు ఎక్కువ పడింది. మళ్లీ నాలుగడుగులు వేసి ఆగాను. ఈసారి రెండు ఎక్కువ పడ్డాయి. రెండోది సరిగ్గా నా చెవి పక్కన.

ఎంత గట్టిగా అరిచానంటే, కింద క్లాసు ఆపేసి మాస్టారు మెట్లెక్కి వచ్చేశారు. "ఏటమ్మా, ఏటైనాది?" అని ఆయన కంగారు. సంతోషి కడుపు పట్టుకుని నవ్వుతోంది. నాకేమో కళ్లమ్మట నీళ్లు ఆగడం లేదు.

మాధవి గారు భయపడిపోయింది. "సారీ అమ్మా, మరీ ఎక్కువైపోనాదా?"

"లేదండి. సరిపోనాది" అన్నాను.

ఆ ఒక్క కేకతో నాలుగు నెలల బరువు దిగిపోయింది. అది మోసం కాదు, జాలీ కాదు. నిజంగా భయపెట్టింది. భయపడినందుకు అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకరు ఉండరేమో!

నేను మొదటి గదిలోనే మూడుసార్లు చచ్చిపోయాను. అప్పారావు గారు అప్పటికే ఆరో గదిలో ఉన్నారు. "మీకు భయమెయ్యలేదా తాతా?" అని అడిగాను.

"ఎందుకెయ్యదమ్మా, సొక్కా తడిసిపోనాది సూడు. కాకపోతే దారి తెలస్తంది కదా, పరిగెట్టీసినాను" అన్నారు.

నీ గురించి మాధవి గారికి చెప్పాను. ఆవిడ జాలి మాటలేం మాట్లాడలేదు. "ఆటలు బాగా ఆడేవారా? అలాంటి మనిషే కావాలి నాకు. బాగుందని సెప్పొద్దనండి. ఎక్కడ భయం తగ్గిపోనాదో అది సెప్పమనండి" అంది. ఆట ఇంకా పూర్తవలేదు, చివరి మూడు గదులు మిగిలాయి. అవి ఎప్పటికవుతాయో ఆవిడే గట్టిగా చెప్పలేకపోయింది. ఆ సందేహం ఇంకా ఉంది. అయినా ఇప్పుడు దిగులు లేదు. ఉన్న ఆరు గదులూ నా పాత లాప్‌టాప్‌లో వేసి ఇచ్చింది.

లాప్‌టాప్, హెడ్‌సెట్ గురువారం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సు పార్సిల్లో పంపుతున్నాను, టెక్కలిలో తీసుకోండి. ఏ మీట నొక్కాలో ఆటే తెలుగులో చెబుతుంది, ఎవరూ పక్కన ఉండక్కర్లేదు. నాకోసమని ఆడొద్దు అన్నయ్యా. నచ్చకపోతే మొహమాటం లేకుండా తిట్టు. మాధవి గారి నంబరు పార్సిల్ డబ్బా మీద రాశాను, ఆవిడనూ తిట్టొచ్చు, నీ ఫోన్ కోసం ఎదురుచూస్తానంది.

నాన్నమ్మకు, పెదనాన్నకు, పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పండి. పిల్లలకు ముద్దులు. నా గురించి ఏ బెంగా పెట్టుకోవద్దు, వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. మీ దీవెనలు ఉంటే నాకదే చాలు.

వదినా, చివరగా ఈ మాట నీకు. హెడ్‌సెట్ పెట్టుకున్నాక అన్నయ్య గట్టిగా కేకేస్తే, ఏమైందోనని పరిగెత్తుకెళ్లి పట్టుకోకు. గుమ్మం దగ్గరే ఆగు. అరవనీ.

మీ
గౌరి