స్పితిలో వేసిన ఒక్క బొమ్మ

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

ఆస్పత్రి మంచం మీద నుంచి నాతో దరఖాస్తు పెట్టించావే, ఆ చిత్రకారుల శిబిరానికి పోయొచ్చాను. హిమాలయాల్లో, స్పితి లోయలో నెల రోజులు. "ఇరవై ఏండ్ల సంది చీరెల మీద పూలే ఏస్తున్నవ్. ఒక్క నెల నీ కోసం గీసుకో చెల్లె" అన్నావు.

అక్కడ చెట్టు లేదు, పువ్వు లేదు. మట్టిరంగు కొండలు, గాలి, అంతే. మూడు వారాలు ఏమీ రాలేదు. కొండ గీద్దామని కూర్చుంటే చెయ్యి తనంతట తానే అంచుకు మామిడిపిందెలు వేసేది. సచిన్‌లో మన చీరల మిల్లులో గుడ్డ మీద ఖాళీ కనబడితే సేఠ్ ఊరుకోడు కదా. కాగితాలు చింపేసి పడుకునేదాన్ని.

చివరి వారం, మేమున్న ఇంటి ముసలామె నా పక్కన కూర్చుని, "రోజూ ఏం వెతుకుతున్నావు బేటీ? ఇక్కడ ఉన్నది ఇంతే" అని హిందీలో అంది. ఆ రోజు ఉన్నదే వేశాను. కింద సన్నగా కొండ, పైనంతా ఖాళీ.

రేపటి నుంచి మళ్లీ మిల్లు, మళ్లీ పెళ్లి చీరల పూలు. తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కుతోంది.

నిన్న మధ్యాహ్నం ఆ బొమ్మను పర్వత్ పాటియా బస్తీలో మన ఇంటికి తెచ్చి గోడకు ఆనించాను. వదిన చాలాసేపు చూసింది.

"గీడ ఎవ్వరు లేరా?"

"ఎవ్వరు లేరు వదినా."

"నిమ్మలంగ ఉన్నది" అని దాని ముందే చాప పరుచుకుని పడుకుంది. దీపాలు పెట్టే వేళ దాకా లేవలేదు. నువ్వు పోయాక ఆమె అంతసేపు నిద్రపోవడం ఇదే మొదలు.

నేను చప్పుడు చేయకుండా వంట చేశాను.

నీ చెల్లె