ఫియట్‌కి రోల్ బార్ బిగించిన రోజు

ఆదివారం, రాత్రి

మొత్తానికి పాత ఫియట్‌లో రోల్ బార్ బిగించడం పూర్తయింది. పక్కనుంచి ఏదైనా గుద్దినా ఆగేలా తలుపుల్లో కూడా ఇనుప బార్లు వేయించాను. గోపాలపట్నం షెడ్డులో వెల్డింగ్ చేసిన కరీం, “ఇంక బోల్తా పడినా టాపు నలగదు బావా. అక్కని దైర్యంగా ఎక్కించుకో,” అన్నాడు.

అరకు ఘాట్‌లో కారు తిరగబడ్డాక మా ఆవిడ సరళ దువ్వాడలో తన చెల్లెలి ఇంటికి వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆమె భయం పోగొట్టాలనే ఇదంతా. ఆగలేక షెడ్డు నుంచే ఫోన్ చేసి చెప్పాను.

అంతా విని, “కారుకి బయపడి రాలేదనుకుంతన్నారేటి?” అంది.

మరెందుకని అడగలేకపోయాను. “తలుపులు బాగా బరువెక్కాయి,” అన్నాను.

“జాగర్తగా నడపండి,” అని పెట్టేసింది.

రేపు దువ్వాడ వెళ్లి అడగాలి. కారులో వెళ్లాలో, బస్సెక్కాలో తేల్చుకోలేకపోతున్నాను...