పన్నెండు పెట్టెల మేకుల బాకీ

ఇనుప సామాను దుకాణంలో సగం వాటాదారును, ముప్పై ఎనిమిదేళ్లుగా దాని కొనుగోలు ఖాతాలు రాస్తున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి స్థిమితంగానే ఉంది. ఒళ్లు మండుతోంది కూడా. మతి చెడి ఇలా రాసిందని రేపు మిగతా సగం వాటాదారైన మా తమ్ముడు అనకూడదు.

1. నా తదనంతరం నా గది, గాజులు సర్వహక్కులతో నా మేనకోడలికి చెందుతాయి. దీన్ని అమలు జరిపేదీ ఆమే. నా చెక్క స్కేలు కూడా ఆమెకే. దాని కొసన ఉన్న గాట్లు ఆమెకు పళ్లు వచ్చేటప్పుడు కొరికినవి.

2. మరదలికి నా కుట్టుమిషను. ఇరవై ఏళ్ల కింద రెండు రోజులకని పట్టుకెళ్లింది. ఉంచుకోమనండి.

3. మేకులు చేసే ఆవిడ విషయం. సరుకు దిగగానే గోడౌను మనిషి చీటీ మీద సంతకం పెడతాడు. ఆ చీటీ, బిల్లు జతగా వస్తేనే నేను ఖాతాలో జమ రాస్తాను. ఈ నియమం పెట్టింది నేనే. తొమ్మిదేళ్ల కింద ఆవిడ పన్నెండు పెట్టెల మేకులు పంపింది. బిల్లు వచ్చింది, చీటీ రాలేదు. మూడుసార్లు వచ్చి, "మీ మనిషే దింపుకున్నాడమ్మా, ఒక్కసారి అడగండి" అని బతిమాలింది. "అవునమ్మా, నేనే సంతకం పెట్టా" అన్నాడు గోడౌను మనిషి. చీటీ ఏదన్నాను. పదిమందిలో పుస్తకం తెరిచి, ఇందులో లేదంటే సరుకు రానట్టేనని ఆవిడను పంపేశాను. ఆరు నెలలకు ఆవిడ కొలిమి మూతపడింది.

మొన్న తాళంచెవి కోసం తమ్ముడి సొరుగు తీస్తే ఆ చీటీ కనపడింది. అడిగితే, "చీటీ లేకపోతే నువ్వు రాయవు కదక్కా, అందుకే తీసేశా" అని నవ్వాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడట! వాడి మీద ఎంత కోపముందో, గోడౌనుకు పది అడుగులు నడిచి చూడని నా మీదా అంతే ఉంది.

డబ్బు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. ముట్టుకోలేదు. "దాచినవాణ్ణి రమ్మనండి" అంది. ఆ మాట వాడికి చెబితే, "నువ్వు బతికుండగా నన్ను ఆ గుమ్మం ఎక్కించలేవు" అన్నాడు.

4. కాబట్టి, నేను పోయాక నెల రోజుల్లోపు వాడు ఆ జమ తన చేత్తో రాసి, పక్కన "చీటీ నేను దాచాను" అని సంతకం చేసి, వడ్డీతో సహా డబ్బు ఆవిడ గుమ్మానికి తానే తీసుకెళ్లాలి. అప్పుడే దుకాణంలో నా సగం వాడిది. లేదంటే ఆ సగం మొత్తం ఆవిడది. రాయడం చేతకాదనే సాకు చెల్లదు. వాడికి అంకెలు దిద్దించింది నేనే.

5. మేనకోడలికి ఒక మాట. రేపు ఖాతాలు నువ్వే రాస్తావు. చీటీ రాకపోతే లేచి వెళ్లి సరుకు చూడు తల్లీ.

అసలు చీటీని దీనికి జతపరిచాను.

తేదీ: జూన్ పద్నాలుగు, సోమవారం

సంతకం: దుకాణం పెద్దక్క

సాక్షులు:
ఎదురింటి దర్జీ
గోడౌను మనిషి. చీటీ మీద ఉన్నదీ ఈ సంతకమే. ఈసారి నా కళ్లముందే పెట్టాడు.