అద్దానికి ఇవతల

అక్కా,

ఈ అంటువ్యాధుల గదిలోకి ఫోను రానివ్వరు, ఇక్కణ్ణుంచి కాగితం కూడా బయటికి పోకూడదట. అందుకే దీన్ని అద్దానికి ఆనించి పట్టుకుంటాను, నర్సు అవతల నుంచి ఫొటో తీసి నీకు పంపుతుంది.

నిన్న నువ్వూ బావా అద్దం అవతల నిలబడి ఏమేమో చెప్పారు. ఒక్క ముక్క వినపడితే ఒట్టు. తల ఊపాను, అంతే. మీరు వెళ్ళాక గది ఇంకాస్త ఇరుకైనట్టనిపించింది.

పక్క మంచం ఆవిడకి చెవులు వినపడవు, వాళ్ళాయనకీ అంతే. ఆయన రోజూ వస్తాడు. అద్దానికి చెరోవైపూ నిలబడి చేతులతో కబుర్లే కబుర్లు! మొన్న పోట్లాడుకున్నారు కూడా. మొదటిరోజు వాళ్ళని చూసి అయ్యో పాపం అనుకున్నాను. ఇప్పుడు కుళ్ళుకు చస్తున్నాను.

మన వీధి చివర బట్టలు కుట్టే అమ్మాయి కూడా అలాగే మాట్లాడుతుంది కదా, నువ్వు వెళ్ళి నాలుగు మాటలు నేర్చుకుని రా. ఈవిడ కాగితం మీద రాసి చూపిస్తూ నాకు "బాగున్నాను" నేర్పబోయింది. వద్దన్నాను. దానికి తల ఊపితే చాలు. "భయంగా ఉంది" నేర్పించుకున్నాను.

రాసేశావు కదా, ఇంకెందుకంటావేమో. నీ మొహం చూస్తూ చెప్పాలక్కా.

నీ చెల్లి